ఏ మొక్క? అందులో ఏ భాగం? – రామ్‌నాథ్ చోప్రా

కొత్తిమీర ఆకు నలిపి వాసన చూడండి. తరవాత నాలుగు ధనియాలు దంచి వాసన చూడండి. రెండూ ఒకే మొక్కవి. అయినా వాసనలు వేరు. వాటిలోని సుగంధ తైలాలు వేరు కావటమే ఇందుకు కారణం. ఒకే మొక్కలో ఏ భాగంలో ఏ పదార్థం ఉంది? మందు మొక్కల విషయంలో ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో చూపిన వైద్యుడు రామ్‌నాథ్ చోప్రా. ఆయన గురించి తెలుసుకుందాం.

చోప్రా 1882లో గుజ్రన్‌వాలాలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. లాహోరులోను, కేంబ్రిడ్జిలోను చదివారు. సైన్యంలో వైద్యునిగా పనిచేశారు. 1921లో కలకత్తాలోని ఉష్ణమండల వ్యాధుల వైద్య విద్యాలయంలో ఔషధశాస్త్ర ఆచార్యులయ్యారు.

ఆయన పెద్ద పని అక్కడే మొదలైంది. మన వైద్యులు తరతరాలుగా వాడుతున్న మూలికలను ఆయన ఒక్కొక్కటిగా పరీక్షించారు. అన్నీ గొప్పవని పొగడలేదు, అన్నీ పనికిరానివని కొట్టిపారేయనూ లేదు. ఎఫెడ్రా అనే కొండపొదనే తీసుకోండి. ఉబ్బసానికి వాడే ఎఫెడ్రిన్ దాని పచ్చని కొమ్మల్లో ఉంటుంది. వేరు తవ్వి కషాయం కాస్తే ఏం లాభం? సర్పగంధి సంగతి దీనికి తలకిందులు. అందులో మందు వేరులో, ముఖ్యంగా వేరు బెరడులో ఉంటుంది. ఆ వేరు రక్తపోటును తగ్గిస్తుందని చోప్రా, ఆయన సహచరులు 1933లో ప్రకటించారు.

మూలికల పొడిలో కాడలూ ఆకులూ కలిపి అమ్మితే రోగికి ఎలా తెలుస్తుంది? సీసాలో వచ్చే మందులదీ అదే సమస్య. నకిలీ మందులపై విచారణకు ప్రభుత్వం 1930లో చోప్రా అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. మందులను పరీక్షించే ప్రయోగశాలలు, దేశమంతటికీ ఒకే చట్టం కావాలని సంఘం కోరింది. చట్టం 1940లో గాని రాలేదు. పదేళ్లు! ఆలస్యమైనా వచ్చింది.

1941లో చోప్రా జమ్మూ కాశ్మీర్‌కు వెళ్లి, జమ్మూలో ఔషధ పరిశోధనశాలను నెలకొల్పారు. 1957లో అది కేంద్ర శాస్త్ర పరిశోధన మండలి కిందికి వచ్చింది. ఆయన 1973లో మరణించారు.

చోప్రా లావెండర్ పండించలేదు. కాని ఆ పరిశోధనశాల తరవాతి కాలంలో కాశ్మీర్, భదర్వా కొండల రైతులకు లావెండర్ సాగు నేర్పింది. ఇక్కడా పాత ప్రశ్నే. లావెండర్ పూల తైలంలో లినలూల్, లినలైల్ ఎసిటేట్ ఎక్కువ. మెత్తని వాసన వాటిదే. మీరు దంచిన ధనియాలలో కూడా లినలూలే ముఖ్యం! లావెండర్ ఆకు తైలంలో మాత్రం కర్పూరం, నీలగిరి తైలంలో ఉండే సినియోల్ వంటివి హెచ్చు. ఆకులు ఎక్కువగా కలిస్తే తైలానికి ఘాటు వస్తుంది, ధర పడిపోతుంది. అందుకే రైతులు మొక్కను మొదలంటా కోయరు. పూలకంకులను పొట్టి కాడతో కోసి, ఆవిరి పట్టి తైలం తీస్తారు.