మిసిసిపీలో పడేసిన ప్రెస్సులు: ఎలైజా లవ్‌జాయ్ జీవితం

1830 ప్రాంతంలో అమెరికాలోని సెయింట్ లూయిస్ పట్టణంలో ఒక పత్రికాఫీసు. అందులో విలియం అనే నల్లజాతి కుర్రాడు పనిచేసేవాడు. వయసు పదహారు దాకా ఉంటుంది. ప్రెస్సు దగ్గర పని చూసేవాడు, కంపోజిటర్లకు కావలసినవి అందించేవాడు, కూర్చిన టైపు ఫారాలు మోసుకెళ్లేవాడు. జీతం మాత్రం అతని చేతికి వచ్చేది కాదు. అతను బానిస. యజమాని అతన్ని ఆ పత్రికకు కిరాయికిచ్చాడు. కిరాయికి తీసుకున్న పత్రికాధిపతి పేరు ఎలైజా పారిష్ లవ్‌జాయ్.

మరో ఏడేళ్లకు ఇదే లవ్‌జాయ్, అప్పటికి పాస్టర్, బానిసత్వాన్ని ఎదిరించే తన అచ్చు యంత్రాన్ని కాపాడుకుంటూ తూటాలకు బలయ్యాడు. పత్రికాస్వేచ్ఛ కోసం ప్రాణమిచ్చిన అమరుడని అమెరికా చరిత్ర ఆయన్ని చెప్పుకుంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. అయినా మేము ఆ కుర్రాడి దగ్గర నుంచే ఈ కథ మొదలుపెట్టాం. బానిసను కిరాయికి తెచ్చుకున్న మనిషి ఏడేళ్లలో అంత దూరం ఎలా వచ్చాడన్నది మాకు ముఖ్యం.

లవ్‌జాయ్ 1802 నవంబరు 9న మెయిన్ రాష్ట్రంలోని ఆల్బియన్‌లో పుట్టాడు. తండ్రి కూడా పాస్టరే. వాటర్‌విల్ కాలేజీలో 1826లో తరగతిలో మొదటివాడిగా డిగ్రీ తీసుకుని, మరుసటి ఏడాది బతుకుదెరువుకు పడమటికి బయల్దేరాడు. చేతిలో డబ్బు లేక దారిలో చాలా దూరం నడిచాడు. సెయింట్ లూయిస్ చేరి బడి పెట్టాడు. ఆ తర్వాత ‘సెయింట్ లూయిస్ టైమ్స్’ పత్రికలో భాగస్వామి అయ్యాడు. రాజకీయ వార్తలు, వ్యాపార ప్రకటనలు వేసుకునే మామూలు పత్రిక అది. మిస్సోరీ బానిస రాష్ట్రం. అక్కడ పనికి మనిషిని కిరాయికి తేవడం బండిని కిరాయికి తెచ్చినంత మామూలు విషయం.

విలియం జీవితంలో ఆ రోజుల్లో జరిగిన ఒక సంఘటన చెప్పుకోవాలి. వేరే పత్రికాఫీసు నుంచి టైపు ఫారం తెస్తుండగా యజమానుల పిల్లలు కొందరు మంచుముద్దలతో, రాళ్లతో, కర్రలతో మీద పడ్డారు. బరువైన ఫారాన్ని వదిలేసి ప్రాణం దక్కించుకున్నాడు. లవ్‌జాయ్ వెళ్లి టైపు తిరిగి తెచ్చాడు. కాని ఆ పిల్లల్లో ఒకడి తండ్రి విలియంని దారి కాచి చావగొట్టాడు. వారాల తరబడి నడవలేకపోయాడు, ఆ చోటికి ఇంకొకరు వచ్చేశారు. టైపును వెనక్కి తెచ్చినవాడు కుర్రాడికి న్యాయం తేలేకపోయాడు. 1834లో అతను పారిపోయి స్వతంత్రుడయ్యాడు. ఆయనే విలియం వెల్స్ బ్రౌన్. నల్లజాతివారిలో మొదటి నవలాకారుడిగా పేరొందిన రచయిత. తనకు అబ్బిన కాస్త చదువుకు ఆ ప్రెస్సే ఆధారమని, లవ్‌జాయ్ మంచి మనిషని ఆత్మకథలో రాసుకున్నాడు. మంచి మనిషే. బానిస కష్టం మీద పత్రిక నడుపుకున్న మంచి మనిషి. ఈ రెండూ కలిపి చదవాలని మేమంటాం.

1832లో సెయింట్ లూయిస్‌లో జరిగిన ఉజ్జీవ కూటాల్లో లవ్‌జాయ్ మనసు మారింది. పత్రికలో వాటా వదులుకుని ప్రిన్స్‌టన్ వేదాంత కళాశాలకు వెళ్లాడు. 1833లో బోధించే అనుమతి పొంది తిరిగొచ్చి, అదే ఏడాది నవంబరులో ‘అబ్జర్వర్’ అనే మత పత్రిక మొదలుపెట్టాడు. ఇక పాస్టరు పని, ప్రెస్సు పని ఒకే మనిషి చేతిలో నడిచాయి.

తొలి రోజుల్లో ఆ పత్రిక బానిసత్వం కంటే ఎక్కువగా తిట్టింది కాథలిక్కులను. ఆ ద్వేషం ఆయనలో చివరిదాకా పోలేదు. బానిసత్వం పాపమనేవాడు గాని, వెంటనే రద్దు చేయాలనేవాళ్లతో చేరలేదు. మెల్లగా పోవాలనేది ఆయన వాదం. అణగారినవాళ్ల విషయంలో ఈ ‘మెల్లగా’ అనే మాట ఎవరికి సుఖమో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. కాని ఆ మెల్లని మాటను కూడా మిస్సోరీ యజమానులు సహించలేదు. నోరు మూసుకోమని 1835లో పట్టణ పెద్దలు లేఖ రాశారు. ఆయన మూసుకోలేదు.

1836 ఏప్రిల్ 28 ఆయన్ని పూర్తిగా మార్చేసింది. ఫ్రాన్సిస్ మెకింటాష్ స్టీమరు మీద పనిచేసే నల్లజాతివాడు, బానిస కాదు, స్వతంత్రుడు. రేవులో జరిగిన గొడవలో అరెస్టు చేసి తీసుకెళ్తుండగా ఇద్దరు అధికారులను కత్తితో పొడిచాడు, ఒకరు చనిపోయారు. మూక జైల్లోంచి అతన్ని లాక్కొచ్చి, చెట్టుకు గొలుసులతో కట్టి, బతికుండగానే తగలబెట్టింది. విచారణ ల్యూక్ లాలెస్ అనే జడ్జి ముందుకు వచ్చింది. చేసింది కొందరైతే శిక్షించాలి, జనసమూహమంతా అయితే అది చట్టం పరిధి దాటిన విషయమని ఆయన గ్రాండ్ జ్యూరీకి చెప్పాడు. పైగా ఇలాంటి వాటికి బానిసత్వ వ్యతిరేక పత్రికలే కారణమంటూ లవ్‌జాయ్ పత్రిక వైపు వేలు చూపించాడు. ఎవరూ దోషులు కాలేదు. కారంచేడు, చుండూరు కేసుల వెంట కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకు ఈ తర్కం కొత్తగా వినిపించదు.

లవ్‌జాయ్ జడ్జిని పేరు పెట్టి విమర్శించాడు. అందులోనూ లాలెస్ కాథలిక్కు కావడాన్ని లాగాడు, అది ఆయన బలహీనత. కాని మూకను సమర్థించే చట్టం చట్టమే కాదన్న మాట మీద గట్టిగా నిలబడ్డాడు. అప్పుడే ఆఫీసు మీద పడి ధ్వంసం చేశారు. ఆయన భార్యాబిడ్డలతో నదికి ఎగువనున్న ఆల్టన్‌కు మారిపోయాడు.

ఆల్టన్ ఇల్లినాయిస్‌లో ఉంది. కాగితం మీద అది బానిసత్వం లేని రాష్ట్రం. కాని ఊరి రేవు దక్షిణాది వ్యాపారం మీద బతికేది, పారిపోయిన బానిసలను పట్టే కిరాయి మనుషులు అక్కడే తిరిగేవాళ్లు. లవ్‌జాయ్ ప్రెస్సు ఒక ఆదివారం రేవులో దిగింది. విశ్రాంతి దినం కదా అని ఆయన దాన్ని అక్కడే ఉంచాడు. తెల్లారేలోగా ఎవరో దాన్ని నదిలోకి తోసేశారు. సిగ్గుపడ్డ ఊరి పెద్దలు సభ పెట్టి, కొత్త ప్రెస్సుకు డబ్బిస్తామన్నారు. ఆ సభలో తాను అబాలిషనిస్టును కానని ఆయన చెప్పాడు. బానిసత్వం మీద ఇక రాయనని మాటిచ్చాడని కొందరు, అలాంటి మాటేదీ ఇవ్వలేదని, తన హక్కు వదులుకోనన్నాడని మరికొందరు వాదులాడుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఈ ‘మాట’నే ఆయన మెడకు చుట్టారు.

1837 జులైలో రాష్ట్రంలో బానిసత్వ వ్యతిరేక సంఘం పెట్టాలని ఆయన పత్రికలో పిలుపిచ్చాడు. అప్పటికి దేశమంతా ఆర్థిక సంక్షోభం. మన వ్యాపారం ఈయన రాతల వల్ల దెబ్బతింటోందని ఊరంతా గుసగుస. ఆగస్టు 21న ప్రెస్సు పగలగొట్టారు. ఇంకొకటి తెప్పిస్తే సెప్టెంబరులో దాన్నీ ముక్కలు చేసి నదిలో పడేశారు. అక్టోబరులో సెయింట్ చార్లెస్‌లో అత్తగారింట ఉండగా మూక ఇంట్లోకి చొరబడింది. భార్య సీలియా ఆయన్ని పట్టుకుని వదలకుండా, మీదికొచ్చినవాళ్లను చేతులతో కొట్టి అడ్డుకుంది. అమరుల కథల్లో భార్యల పోరాటం ఒక వాక్యంలో తేలిపోతుంది. ఆమె అనారోగ్యంతో ఉంది, కడుపుతో ఉంది. రోజూ ఆ ఇంట్లో నిద్రపోవలసింది కూడా ఆమే.

నవంబరు మొదట్లో ఊరు మళ్లీ సభ పెట్టింది. పత్రిక మూసేసి వెళ్లిపొమ్మంది. లవ్‌జాయ్ అందరి ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు గాని, పోనన్నాడు. ఇక్కణ్నుంచి పారిపోతే ఇంకెక్కడ ఆగగలనన్నది ఆయన బాధ. అప్పటికే సెయింట్ లూయిస్ వదిలి వచ్చాడు కదా.

నాలుగో ప్రెస్సు నవంబరు 7 తెల్లవారుజామున స్టీమరు మీద వచ్చింది. గాడ్‌ఫ్రే, గిల్మన్‌ల రాతి గోదాంలో దాచారు. ఆ రాత్రి దాదాపు ఇరవై మంది తుపాకులతో కాపలా ఉన్నారు. మూక వచ్చి ప్రెస్సు ఇవ్వమంది, వాళ్లు కాదన్నారు. రాళ్లు, ఆ తర్వాత తూటాలు. మూకలో ఒక యువకుడు చనిపోయాడు. మేయరు లోపలికొచ్చి ప్రెస్సు వదిలేయమన్న షరతు తెలియజేయడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. బయట నిచ్చెన వేసి కప్పుకు నిప్పు పెట్టడానికి ఒకడు ఎక్కాడు. వాణ్ణి ఆపడానికి బయటికొచ్చిన లవ్‌జాయ్ మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో ఐదు తూటాలు దిగాయి. మూక గోదాంలో దూరి ప్రెస్సును కిటికీలోంచి కిందకి తోసి, ముక్కలు చేసి నదిలో వేసింది. అహింసను నమ్మిన ఉద్యమకారులు కొందరు పాస్టరు తుపాకీ పట్టడమేమిటని నొచ్చుకున్నారు. తలుపు దగ్గరికి మూక వచ్చిన రాత్రి ఆ ప్రశ్న దూరం నుంచి అడగడం తేలిక.

1838 జనవరిలో కేసులు నడిచాయి. మొదట బోనెక్కింది ఎవరనుకున్నారు? గోదాం యజమాని గిల్మన్, కాపలా ఉన్నవాళ్లు. ప్రెస్సును పగలగొట్టడానికి వచ్చినవాళ్లను బలంతో అడ్డుకున్నారన్నది అభియోగం. రాష్ట్ర అటార్నీ జనరల్ లిండర్ స్వయంగా వాళ్ల మీద వాదించాడు. వాళ్లు విడుదలయ్యారు. మూక మీద కేసు కూడా పెట్టారు, వాళ్లూ విడుదలయ్యారు. హత్యకు ఎవరికీ శిక్ష పడలేదు. అదే నెలలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అబ్రహాం లింకన్ అనే యువ లాయరు మూకల పాలన మీద ఉపన్యసించాడు. మెకింటాష్ దహనం గురించి మాట్లాడాడు, ప్రెస్సులను నదిలో పడేయడాన్ని, సంపాదకులను కాల్చడాన్ని తడిమాడు. లవ్‌జాయ్ పేరు మాత్రం ఎత్తలేదు. రాజకీయ నాయకుల జాగ్రత్త అప్పుడూ ఇంతే.

కాని వార్త దేశమంతా పాకింది. ఒహాయోలో జరిగిన సంతాప సభలో జాన్ బ్రౌన్ లేచి, బానిసత్వాన్ని నాశనం చేయడానికే తన జీవితమని ప్రమాణం చేశాడు. తమ్ముడు ఓవెన్ లవ్‌జాయ్ పారిపోయిన బానిసలకు ఇంట్లో ఆశ్రయమిచ్చాడు, పాస్టరయ్యాడు, తర్వాత కాంగ్రెసుకు ఎన్నికై లింకన్‌కు అండగా నిలిచాడు. 1873లో జోతిరావు ఫూలే ‘గులాంగిరి’ని బానిసత్వాన్ని తొలగించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చినప్పుడు, ఈ తరం చేసిన పనే ఆయన మనసులో ఉంది.

లవ్‌జాయ్‌ని 1837 నవంబరు 9న పాతిపెట్టారు. ఆ రోజు ఆయనకు ముప్పై ఐదేళ్లు నిండేవి. సమాధికి రాయి వేయలేదు. ఏళ్లు గడిచేసరికి చోటే మరుగున పడింది. ఆ రోజు ఖననం చూసుకున్నది స్కాచ్ జాన్‌స్టన్ అనే నల్లజాతి వ్యక్తి. తర్వాత రాయి వేయాలని కొందరు వెతుక్కుంటూ వస్తే, ఎక్కడ పూడ్చారో గుర్తుంచుకుని చూపించింది ఆయనే. 1897లో ఆల్టన్ శ్మశానంలో పెద్ద స్మారక స్తంభం నిలబెట్టారు. 1915లో నదిలోంచి ఒక ప్రెస్సు చట్రం ముక్క బయటపడింది, దాన్ని ఊరి పత్రికాఫీసులో ప్రదర్శనకు పెట్టారు.