సెనక్కాయల పండితుడు పుట్టిన ఊరు

మిస్సోరీ రాష్ట్రం నైరుతి మూలన, జాప్లిన్ నగరానికి దగ్గరలో డైమండ్ అనే చిన్న ఊరుంది. జనాభా వెయ్యి లోపే. కారులో వెళ్తుంటే ఊరొచ్చిందని గమనించేలోపే దాటిపోతుంది. ఆ ఊరి పక్కనున్న ఓ పొలం మాత్రం చరిత్రకెక్కింది. అమెరికా ప్రభుత్వం ఓ నల్లజాతీయుడి పేరిట ఏర్పాటు చేసిన మొట్టమొదటి జాతీయ స్మారకం అదే. వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పుట్టిన చోటు.

మాది అనంతపురం జిల్లా. సెనక్కాయ పంట మీదే బతికిన కుటుంబం. అందుకే ఈయన కథ నాకు దగ్గరగా అనిపిస్తుంది.

కార్వర్ 1864 ప్రాంతంలో బానిసగా పుట్టారు. తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. అంతర్యుద్ధం రోజుల్లో ఓ దోపిడీ ముఠా తల్లినీ, పసిబిడ్డనూ ఎత్తుకుపోయింది. యజమాని మోజెస్ కార్వర్ పంపిన మనిషికి బిడ్డ ఒక్కడే దొరికాడు. తెచ్చినందుకు ఆ మనిషికి ఓ గుర్రం ముట్టింది. తల్లి మేరీ మళ్లీ కనిపించలేదు. బానిసత్వం రద్దయ్యాక మోజెస్, సుసాన్ దంపతులే ఆ బిడ్డనూ, అన్న జిమ్‌నూ పెంచారు.

ఒంట్లో బలం లేని పిల్లాడు కావడంతో ఇంటిపట్టునే వంట, కుట్టుపని నేర్చుకున్నారు. మిగతా వేళల్లో అడవిలో మొక్కల మధ్యే గడిపేవారు. స్థానిక బడిలో నల్లపిల్లలకు చోటు లేదు. పదకొండు, పన్నెండేళ్ల వయసులో చదువు కోసం ఒంటరిగా నియోషో ఊరికి వెళ్లారు. అక్కడ మరియా వాట్కిన్స్ అనే ఆవిడ ఇంట్లో పెట్టుకుని చదివించింది.

తర్వాత కాన్సాస్‌లోని హైలాండ్ కాలేజీ ఉత్తరం ద్వారా సీటు ఇచ్చింది. తీరా వెళ్లాక, నల్లవాడని చూసి వెనక్కి పంపేసింది. కొన్నేళ్లు వ్యవసాయం చేసుకుని, 1890లో అయోవాలోని సింప్సన్ కాలేజీలో చేరారు. మరుసటి ఏడు ఏమ్స్‌లోని వ్యవసాయ కళాశాలకు మారి, 1894లో బీఎస్, 1896లో ఎంఎస్ పూర్తిచేశారు. అదే ఏడాది బుకర్ టి. వాషింగ్టన్ పిలుపుతో అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థకు వెళ్లి, 1943లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయారు.

ఏటా పత్తే వేసి అలబామా నేలలు చచ్చుబడ్డాయి. వేరుసెనగ, అలసంద లాంటి పంటల వేర్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు సారమిస్తాయి. పత్తి తర్వాత వీటిని వేయమని ఆయన పేద రైతులకు నేర్పారు. పండిన సెనక్కాయలతో ఏమేం చేసుకోవచ్చో వందల రకాలు చూపించారు. పీనట్ బటర్ ఆయనే కనిపెట్టారని చాలామంది అంటారు కానీ, అది నిజం కాదు. 1906 నుంచి ఓ బండినే బడిగా మార్చి పొలాల దగ్గరికే పాఠాలు పంపించారు.

ఆయన చెప్పిన అసలు మాట సెనక్కాయ వేయమని కాదు, పంట మార్చమని. మా జిల్లాలో ఏళ్ల తరబడి సెనక్కాయ తర్వాత సెనక్కాయే వేశాం. వానలు ముఖం చాటేసిన ఏడు చేతిలో మరో పంట లేక ఎన్ని ఇళ్లు అప్పులపాలయ్యాయో చూస్తూ పెరిగాను. పత్తి ఒక్కదాన్నే నమ్ముకున్న అలబామా రైతు బాధ నాకు పరాయిదిగా తోచదు.

డైమండ్‌లో 1881 నాటి మోజెస్ ఇల్లు, బాల కార్వర్ విగ్రహం, మ్యూజియం, నీటి ఊట, కార్వర్ దంపతుల సమాధులు ఉన్నాయి. మైలు పొడవు నడకదారి పిల్లలకూ, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకూ సులువే. టికెట్ లేదు. బెంటన్‌విల్ నుంచి గంటకు కాస్త ఎక్కువ ప్రయాణం.

మన పిల్లలకు డిగ్రీల గురించి మనం చాలానే చెబుతాం. సీటు వచ్చాక కూడా గుమ్మం దగ్గర నుంచి వెనక్కి పంపితే మనిషి ఏం చేయాలో అరుదుగా చెబుతాం. ఆ దారిలో నడుస్తూ హైలాండ్ సంగతి కూడా దాచకుండా చెప్పండి. వాళ్లు పెరుగుతున్న దేశపు చరిత్ర అది. వాళ్లకూ తెలియాలి.