కడుపులోని బిడ్డకు కావలి: డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ

గర్భవిచ్ఛిత్తి పాపమని బోధించే క్రైస్తవ సంఘాలు ప్రపంచమంతటా ఉన్నాయి. అయితే బోధించడం వేరు, బిడ్డను కనలేని స్థితికి చేరిన తల్లి వచ్చి తలుపు తట్టినప్పుడు లోనికి పిలిచి ఆదుకోవడం వేరు. ఈ రెండవ పనికి కతోలిక సంఘాన్ని సిద్ధం చేయడానికి తన జీవితాన్ని ధారపోసిన వైద్యురాలు డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ. ఆస్ట్రేలియాలో పుట్టి, నాటి మద్రాసు రాజధానిలోని గుంటూరులో 37 సంవత్సరాలు తెలుగు తల్లులకు సేవచేసిన ఆమె మరల స్వదేశం ముఖం చూడలేదు.

బాల్యం, విద్య

మేరీ గ్లౌరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో బిర్రెగుర్రా అనే చిన్న ఊరిలో జన్మించారు. తొమ్మిదిమంది సంతానంలో ఆమె మూడవవారు. చదువులో ప్రతిభ చూపి ఉపకారవేతనం పొంది మెల్‌బోర్న్ చేరారు. ఆడపిల్లలు వైద్యవిద్యలో అడుగుపెట్టడమే అరుదైన ఆ రోజులలో, 1910లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పుచ్చుకున్నారు. ఆ నగరంలోనే కంటి వైద్యంలో పేరు తెచ్చుకున్నారు. మంచి రాబడి, సంఘంలో గౌరవం రెండూ ఆమెకు లభించాయి.

1915లో ఒకనాడు ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. అది స్కాట్లండుకు చెందిన డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ జీవితాన్ని, భారతదేశంలో వైద్యం అందక తల్లులు, పసికందులు మరణిస్తున్న తీరును వివరించేది. పరాయి పురుషుని చేత వైద్యం చేయించుకోవడానికి ఆచారం అంగీకరించని స్త్రీలు, పురిటి కష్టంలోనే కన్నుమూస్తున్నారని అది తెలిపింది. తన జీవితం ఎటు సాగవలెనో ఆ చదువుతో ఆమెకు స్పష్టమైంది. మరుసటి సంవత్సరమే మెల్‌బోర్న్‌లో ఏర్పడిన కతోలిక స్త్రీల సాంఘిక సేవా సంఘానికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. ప్రసూతి వైద్యం, స్త్రీల వ్యాధులు, నేత్ర వైద్యాలలో ఉన్నత విద్య అభ్యసించి 1919లో ఎం.డి. పట్టా పొందారు.

అడ్డుగా నిలిచిన నియమం

ఆమె మఠకన్యగా ఉంటూ వైద్యం చేయాలనుకున్నారు. అందుకు అడ్డంకి బయటివారి నుండి కాదు, స్వయంగా శ్రీసభ నుండే వచ్చింది. మఠకన్యలు వైద్యవృత్తి చేపట్టడానికి, ముఖ్యంగా కాన్పులు చేయడానికి ఆనాటి సభా నియమాలు అనుమతించేవి కావు. గర్భస్థ శిశువు ప్రాణం పవిత్రమని బోధించే సంఘం, ఆ శిశువును భూమి మీదికి తెచ్చే పనికి తన కన్యలను దూరంగా ఉంచడం ఒక వైపరీత్యమే. దీనిని మార్చవలెనని మెక్‌లారెన్ బ్రతికినంతకాలం రోమునగరానికి విన్నపాలు పంపి, 1913లో మరణించారు.

మేరీ గ్లౌరీకి పోపు 15వ బెనెడిక్ట్ ప్రత్యేక అనుమతి ఇచ్చారు. కతోలిక మఠకన్యగా ఉంటూ వైద్యం చేసిన మొదటి డాక్టరుగా ఆమెను చరిత్ర గుర్తించింది. మఠకన్యలందరికీ ప్రసూతి సేవ చేసే అనుమతి 1936లో గాని రాలేదు. అంటే తక్కినవారికి తెరుచుకోని తలుపును ఆమె పదహారేళ్ల ముందే దాటారు.

మద్రాసు నీడలో గుంటూరు

1920 ఫిబ్రవరి 12న ఆమె గుంటూరు చేరుకున్నారు. అప్పటికి తమిళ, ఆంధ్ర ప్రాంతాల నడుమ సరిహద్దు రేఖ లేదు. గుంటూరు, నెల్లూరు జిల్లాలకు పరిపాలనలో రాజధాని మద్రాసు. కతోలికులకు కూడా గుంటూరు మద్రాసు అగ్రపీఠంలోని భాగమే. 1928లో నెల్లూరు, 1940లో గుంటూరు వేరు మేత్రాసనాలుగా ఏర్పడ్డాయి. హాలండు దేశం నుండి వచ్చి గుంటూరులో స్థిరపడిన యేసు మరియ యోసేపు సభ కన్యలతో ఆమె చేరి, తిరుహృదయ మరియ అనే మఠనామం స్వీకరించారు.

ఆ పట్టణంలో అంతకుముందే లూథరన్ సంఘానికి చెందిన అమెరికా వైద్యురాలు డాక్టర్ ఆనా కుగ్లర్ 1898లో స్త్రీల ఆసుపత్రి తెరిచి ఉన్నారు. అయినా జిల్లా జనాభాకు ఆ సేవ సముద్రంలో కాకిరెట్ట. మఠం ప్రక్కన చిన్న మందుల గదితో మొదలైన గ్లౌరీ సేవ, క్రమంగా సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగా పెరిగింది. ఎన్నో సంవత్సరాలు అక్కడ ఆమె ఒక్కరే వైద్యురాలు. ఊళ్లకు వెళ్లి రోగులను చూసేవారు. స్థానిక స్త్రీలకు మంత్రసాని పని, నర్సు పని, మందులు కలిపే పని నేర్పించారు. మన నాటు మూలికల గుణాలను అధ్యయనం చేసి వాడుకున్నారు. లక్షలాది రోగులు ఆ ఆసుపత్రి నీడన ఉపశమనం పొందారు.

చట్టం ఉన్నా చావులు ఆగలేదు

1860 నాటి భారత శిక్షాస్మృతి, తల్లి ప్రాణం కాపాడడానికి తప్ప గర్భం తీయించడాన్ని నేరంగా పరిగణించింది. తీసినవారితో పాటు తీయించుకున్న స్త్రీ కూడా శిక్షార్హురాలే. అయినా ఇంటి చాటున నాటు మందులతో, ప్రాణాపాయకరమైన పద్ధతులతో గర్భాలు తీయడం ఆగలేదు. బాల్యంలోనే వితంతువులై, పొరపాటున గర్భం దాల్చిన స్త్రీలకు లోకనింద ఒక ఉరి. కందుకూరి వీరేశలింగం పంతులు 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించినది ఇటువంటి దుస్థితిని తొలగించడానికే. ఆయన మద్రాసులో కన్నుమూసిన మరుసటి సంవత్సరమే గ్లౌరీ గుంటూరులో కాలుమోపారు. పేదరికం, వరుస కాన్పులు, అపకీర్తి భయం స్త్రీని గర్భవిచ్ఛిత్తి వైపు తోసే కారణాలు. శిక్ష ఒక్కటే వాటికి మందు కాలేదు.

1920ల చివర మద్రాసు నగరంలో సంతాన నియంత్రణ కోరుతూ ఒక సంఘం ఏర్పడింది. హైకోర్టు న్యాయమూర్తి, తెలుగువారైన వేపా రామేశం దానికి అండగా నిలిచారు. ఆ ఉద్యమం కోరినది గర్భనిరోధమే గాని గర్భవిచ్ఛిత్తి కాదు. తల్లుల ఆరోగ్యం వారికీ ముఖ్యమే. కతోలిక సంఘం మాత్రం కృత్రిమ గర్భనిరోధాన్ని కూడా అంగీకరించలేదు. ఈ చర్చలు సాగుతున్న కాలంలో గ్లౌరీ విశ్వాసం ఒక్కటే: గర్భంలో పడిన క్షణం నుండి సహజ మరణం వరకు మానవ ప్రాణం కాపాడదగినది. ఆ విశ్వాసాన్ని ఆమె వాదనలతో కాక పురిటిగదిలో చేతలతో నిలబెట్టారు.

చెదిరిన చేతులను కలిపిన వేళ

ఒక్క ఆసుపత్రి ఎంత చేసినా చాలదని ఆమె గ్రహించారు. దేశంలో మఠకన్యలు నడిపే ఆసుపత్రులు, మందుల శాలలు ఎన్నో ఉన్నా, ఒకరి పని మరొకరికి తెలియదు. 1943లో రెండవ ప్రపంచ యుద్ధం సాగుతుండగానే, కొద్దిమంది మఠకన్యలతో కలిసి గుంటూరులో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని ఆమె స్థాపించారు. ప్రాణాన్ని గౌరవించే వైద్యులను తయారుచేయడానికి కతోలిక వైద్య కళాశాల ఉండవలెనన్నది ఆమె చిరకాల స్వప్నం. ఒక సంఘం తన విశ్వాసాన్ని లోకానికి చాటాలంటే, ముందు ఆ విశ్వాసంతో పనిచేసే చేతులు కావాలని ఆమె ఎరుగుదురు.

ఆ కల ఫలించకముందే క్యాన్సర్ వ్యాధి ఆమెను కబళించింది. 1957 మే 5న, 69వ ఏట, బెంగుళూరులో ఆమె పరమపదించారు. అదే నగరంలో 1963లో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ప్రారంభమైంది. ఆమె నెలకొల్పిన సంఘం నేడు సికిందరాబాదు కేంద్రంగా, వేల సంస్థలను కలుపుకొని పనిచేస్తున్నది. 2013లో కతోలిక సంఘం ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. అది పునీత పదవికి సాగే మార్గంలో తొలిమెట్టు.

మిగిలిన ప్రశ్న

ఆమె మరణించిన 14 సంవత్సరాలకు, 1971లో, పార్లమెంటు కొన్ని షరతులతో గర్భవిచ్ఛిత్తిని అనుమతిస్తూ చట్టం చేసింది. చాటుమాటు పద్ధతులలో స్త్రీలు మరణించకుండా చూడడం దాని ఉద్దేశాలలో ఒకటి. 2021లో సవరణ ద్వారా కొన్ని వర్గాల స్త్రీలకు గడువును 20 వారాల నుండి 24 వారాలకు పెంచారు. ఆడపిల్ల అని తెలిసి గర్భం తీయించే దురాచారాన్ని అరికట్టడానికి 1994లో వేరొక చట్టం వచ్చింది. కతోలిక సంఘం గర్భవిచ్ఛిత్తిని నేటికీ వ్యతిరేకిస్తున్నది. స్త్రీ ఆరోగ్యానికి, ఆమె నిర్ణయానికి ప్రాధాన్యమిచ్చేవారు చట్టాన్ని సమర్థిస్తున్నారు. ఈ వాదం ఇంకా ముగియలేదు.

ఏ పక్షంవారైనా గ్లౌరీ జీవితం నుండి గ్రహించదగినది ఒకటున్నది. బిడ్డను కాపాడుమని చెప్పే దేవాలయం, ఆ బిడ్డ తల్లికి వైద్యురాలిని, మంత్రసానిని, పాలను, తలదాచుకునే చోటును కూడా చూపవలెను. నిందను భయపడి వచ్చిన ఆడకూతురిని ఇంకొక నిందతో తిప్పిపంపరాదు. గుంటూరు పురిటిగదిలో ఆమె వెలిగించిన దీపం చెప్పే మాట అదే. ఊరూరా ఉన్న గుడిగంటలు ఆ మాటను ఎంతవరకు చేతలలోకి తెచ్చుకున్నాయో ప్రతి సంఘమూ తనను తాను ప్రశ్నించుకోవలసి ఉన్నది.