మందు ఊరికి చేరింది.. మనిషి తిరిగి రాలేదు

హఫర్ అల్ బాతిన్ (సౌదీ అరేబియా): గల్ఫ్‌కి వచ్చే ముందు చేయించుకునే మెడికల్ టెస్టుల కాగితంలో మలేరియా పక్కనే మైక్రో ఫైలేరియా అని ఒక గడి ఉండేది. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్లకు ఆ జబ్బు గురించి వేరే చెప్పనక్కర్లేదు. అదే బోదకాలు. కాలు వాచి బరువెక్కి, మనిషిని పొలం పనికీ పెళ్లి సంబంధానికీ దూరం చేసే జబ్బు. దానికి మింగే మాత్రను తెచ్చిన పరిశోధన బృందానికి నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. పొట్టకూటి కోసం ఇల్లు వదిలి వచ్చిన మనం ఆయన జీవితం తెలుసుకుని తీరాలని నాకు అనిపిస్తుంది.

ఆయన 1895 జనవరి 12న పుట్టారు. కలిగిన కుటుంబం కాదు. చిన్నతనంలోనే ఇంట్లో చెప్పకుండా కాశీకి బయల్దేరారు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆలోచన. మధ్యలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడోసారి రాస్తే గానీ గట్టెక్కలేదు. ఆ తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్వదేశీ ఉద్యమం రోజుల్లో ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లడం ఇంగ్లీషు ప్రొఫెసర్‌కి నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది.

ఈలోగా ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. కారణం స్ప్రూ అనే పేగుల జబ్బు. తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గిపోయి మనిషి కృశించిపోతాడు. అప్పట్లో దానికి సరైన మందు లేదు.

1920ల మొదట్లో మామగారు కూడగట్టిన డబ్బు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం ఆసరాగా అమెరికా వెళ్లారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. బోస్టన్‌లో దిగిన డాక్టరు గారు ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేశారు. పగలు హార్వర్డ్‌లో చదువు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసివాడిగానే కన్నుమూశాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడనే లేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద వీరు చేసిన పని వైద్యశాస్త్రానికి పునాదుల్లో ఒకటి. 1930లో పీహెచ్‌డీ వచ్చినా హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరారు.

అక్కడి ఎనిమిదేళ్ల పనే మన పల్లెలకు చేరింది. బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు 1930ల మొదట్లో గమనించారు. అందులో పనిచేసే పదార్థం ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసే దారిని 1945 నాటికి సుబ్బారావు బృందం కనిపెట్టింది. స్ప్రూకి కూడా అదే మందైంది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు ఆ జబ్బుకు జవాబు దొరికింది. ఇవాళ ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే ఐరన్ మాత్రలో ఉన్నదీ ఆ ఫోలిక్ యాసిడే.

1947లో బోదకాలు మందు హెట్రాజాన్ వచ్చింది. దాన్నే డీఈసీ అంటున్నాం. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌పై మొదటిసారి ప్రభావం చూపిన అమినోప్టెరిన్, టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన నాయకత్వంలోని ప్రయోగశాల నుంచే వచ్చాయి. 1948 ఆగస్టులో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. భార్యను గానీ, సొంత ఊరిని గానీ మళ్లీ చూడలేదు. 1995లో మన ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది.

మందు పుట్టినంత మాత్రాన జబ్బు పోలేదు. డీఈసీ రక్తంలో తిరిగే పురుగు పిల్లలను చంపుతుంది. ఎన్నో ఏళ్లుగా వాచిన కాలును మాత్రం మామూలు చేయలేదు. దోమ ఒకరి రక్తంలోని పురుగును ఇంకొకరికి చేరవేస్తుంది కాబట్టి, పైకి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా మింగితేనే ఊరంతా బయటపడుతుంది. అందుకే 2004 నుంచి బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ మాత్రలు పంచారు. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్రంగా జబ్బుపడిన వారికి తప్ప మిగిలిన అందరికీ. నాకేం జబ్బు ఉందని మింగాలి అంటూ పక్కన పడేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ మాత్రకు తోడుగా ఆల్బెండజోల్ ఇచ్చినా, ఆరోగ్య కార్యకర్త ఎండలో గుమ్మం దాకా వచ్చినా, మింగకపోతే అంతా వృథాయే.

మనం ఇక్కడి నుంచి నెలనెలా డబ్బు పంపుతాం. ఆసుపత్రి ఖర్చులకు అడిగితే కాదనం. దాంతోపాటు ఇంకో పని ఉంది. మీ ఊళ్లో మాత్రలు పంచుతున్నారని తెలిస్తే అమ్మకో, నాన్నకో, తమ్ముడికో ఫోన్ చేసి, మింగారా లేదా అని అడగండి. కార్యకర్త ఎదురుగానే మింగమని చెప్పండి. దానికి సెలవు అక్కర్లేదు, విమానం టికెట్ అక్కర్లేదు.