మాచాని సోమప్ప

మాచాని సోమప్ప కర్నూలు జిల్లా ఎమ్మిగనూరుకు చెందిన సహకారోద్యమ నాయకుడు, ఎమ్మిగనూరు చేనేత కార్మికుల సహకార సంఘం స్థాపకుడు, పద్మశ్రీ పురస్కార గ్రహీత. రాయలసీమ చేనేతలో ఎమ్మిగనూరుకు పేరు తెచ్చినవారిలో ఈయన ప్రముఖుడు.

నేపథ్యం

సోమప్ప సంఘాన్ని స్థాపించిన నాటికి ఎమ్మిగనూరు మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్ళారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేది. చుట్టూ ప్రత్తి పండే నల్లరేగడి నేలలు. ఆ ప్రత్తికి ఆదోని పెద్ద విపణి. అయినను నేతగాడు మిల్లు నూలును షావుకారు వద్ద అప్పుగా తెచ్చుకొని, నేసిన బట్టను అతడు కట్టిన ధరకే ఇచ్చివేయవలసి వచ్చేది.

నేత కంటే ముందు జరిగే పని తక్కువది కాదు. నూలు పోగుకు నూగు ఉంటుంది. అలాగే మగ్గానికి ఎక్కిస్తే అచ్చు రాపిడికి పోగులు తెగిపోతాయి. అందువలన తెల్లవారుజామున పడుగును వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో ఈ కొస నుండి ఆ కొస వరకు పలుమార్లు దువ్వేవారు. కుంచె నూగును అణచి, గంజిని సమంగా పరచి, అంటుకున్న పోగులను విడదీస్తుంది. గంజి ఆరేలోగా దువ్వడం ముగియాలి. నడుమ వాన వస్తే శ్రమ అంతా వృథా. ఇంటిల్లిపాదీ చేసే ఈ పనికి సాధారణంగా వేరే కూలి ఉండేది కాదు. బట్ట ధరను నిర్ణయించేది షావుకారే గనుక, ఆ శ్రమ విలువ కూడా అతని దయమీదే ఆధారపడేది.

సహకార సంఘం

మద్రాసు రాష్ట్రస్థాయి చేనేత సహకార సంఘం 1935లో ఏర్పడింది. 1938లో సోమప్ప ఎమ్మిగనూరులో సంఘాన్ని స్థాపించాడు. సభ్యులకు నూలు సమకూర్చడం, నేసిన బట్టను కొని అమ్మడం ఇటువంటి సంఘాల ముఖ్య విధులు. చూడటానికి చిన్న మార్పే గాని, నూలు ఇచ్చేవాడు, బట్ట కొనేవాడు ఒక్క షావుకారే కావడం అనే చిక్కు దీనితో విడిపోయింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నూలు కొరత ఏర్పడినప్పుడు ఒంటరి నేతగాని కంటే సంఘ సభ్యుని స్థితి మెరుగు. తరువాతి కాలంలో ఇక్కడి బట్టలు విదేశాలకు కూడా ఎగుమతి అయ్యాయి.

పురస్కారం

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా నుండి విడిపోయి ఆంధ్రలో చేరింది. ఆ మరుసటి ఏడాది, పద్మ పురస్కారాలు ప్రారంభమైన 1954లోనే, సోమప్పకు పద్మశ్రీ లభించింది. చేనేత సహకార రంగంలో పనిచేసిన వ్యక్తికి అంత తొలినాళ్ళలోనే ఈ గౌరవం దక్కడం గమనించదగినది.

మరమగ్గాల పోటీ పెరిగిన తరువాత ఎమ్మిగనూరులో చేతిమగ్గాలు తగ్గాయి. వాటితోపాటు వీధిలో పడుగు సాగదీసి కుంచె పట్టే పని కూడా అరుదైపోయింది.