కార్ల్ ఫబెర్జే జీవితము - రష్యా మీనా వస్తువుల ఆనవాళ్లు

రష్యా చక్రవర్తుల కాలమున బంగారు వెండి వస్తువులపై మీనా పని చేయించుటలో లోకప్రసిద్ధి గాంచిన పీటర్ కార్ల్ ఫబెర్జే 1846వ సంవత్సరము మే నెల 30వ తేదీన సెంటు పీటర్సుబర్గు నగరమున జన్మించెను. ఆయన పేరు వినగానే పలువురకు రాచకుటుంబమువారి ఈస్టరు గ్రుడ్లే స్ఫురించును. అవి యేబది మాత్రమే. ఆయన యంగడినుండి వెలువడిన సిగరెట్టు పెట్టెలు, బల్ల గడియారములు, పటముల చట్రములు, గొడుగు పిడులు వేలకొలది గలవు. వానిని కొన్నవారి మనుమలును మునిమనుమలును తాతల పెట్టెలు తెఱచి చూచినపుడు, ఇది నిజముగా ఫబెర్జే వస్తువేనా యను ప్రశ్న పుట్టుచుండును. ఆ ప్రశ్నకు సమాధానము చాలవఱకు ఆయన జీవితచరిత్రయందే యున్నది. అందుచే ఆ చరిత్రను చెప్పుచు, ఆనవాళ్లు వచ్చినచోట వానికడ కొంత నిలుతుము.

ఫబెర్జే వంశీయుల పూర్వులు ఫ్రాన్సు దేశమును విడిచి వచ్చిన ప్రొటెస్టెంటులు. తండ్రి గుస్తావ్ 1842లో బొల్షాయా మొర్స్‌కాయా వీధిలో చిన్న నగల యంగడి తెఱచెను. 1860లో ఆయన వ్యాపారమును నమ్మకస్థుల కప్పగించి కుటుంబముతో డ్రెస్డెన్ నగరమునకు తరలిపోయెను. బాలుడైన కార్ల్ అచట చదువుకొని, పిమ్మట ఫ్రాంక్‌ఫర్ట్, ఫ్లోరెన్సు, పారిసు నగరములు తిరిగి, కంసాలి పనిలోని మెలకువలను నేర్చెను. పురాతన నిధులను దర్శించెను. డ్రెస్డెన్ రాజుల భాండాగారములోని మీనా పాత్రలు ఆయన మనస్సులో చెఱగని ముద్ర వేసెనని చెప్పవచ్చును. ఏలయన, తరువాతి కాలమున ఆయన చేయించిన వస్తువులలో వాని పోలికలు పలుమాఱు కానవచ్చును.

సెంటు పీటర్సుబర్గునకు మఱలివచ్చిన పిమ్మట ఈ యువకుడు హెర్మిటేజి ప్రదర్శనశాలలోని పాత నగలను బాగుచేయుటకును, వాని విలువ నిర్ణయించుటకును సమ్మతించి, ప్రతిఫలము లేకయే చాల సంవత్సరములు శ్రమపడెను. కెర్చ్ ప్రాంతమున త్రవ్వకములలో దొరకిన క్రీస్తునకు పూర్వపు బంగారు నగలు ఆయన చేతికి వచ్చెను. పాతవస్తువును పరీక్షించుట యనగా నేమో ఆయనకు తెలిసినది ఈ సేవవలననే. మా తలంపున, ఆయన జీవితములో గ్రుడ్లకంటెను ఈ సంవత్సరములే ముఖ్యమైనవి. 1872లో తండ్రి వ్యాపారము ఆయన వశమయ్యెను. ఆ సంవత్సరమే ఆగస్టా యాకొబ్స్ అను కన్యను వివాహమాడెను. 1882లో తమ్ముడు అగాథన్ వచ్చి చేరెను. ఆ యేటనే మాస్కోలో జరిగిన అఖిలరష్యా ప్రదర్శనమున కెర్చ్ నగలకు ప్రతిరూపములు చూపి బంగారు పతకము గొనెను.

ఇచట ఒక సంగతి చెప్పవలెను. పదునెనిమిదవ శతాబ్దపు ఫ్రెంచి నస్యపు డబ్బీ యొకటి రాజుగారి సేకరణలో నుండెను. ఫబెర్జే దాని ప్రతిని చేయింపగా, మూడవ అలెగ్జాండరు చక్రవర్తి రెంటిని ప్రక్కప్రక్కన నుంచుకొని యేది పాతదో యేది క్రొత్తదో తెలిసికొనలేక పోయెనట. పాతదానిని మఱపించునట్లు క్రొత్తదానిని చేయగల యీ నేర్పరి పేరునే తరువాతి మోసగాండ్రు దొంగముద్రలకు వాడుకొనుట విచిత్రము.

1885లో ఆయన రాజాస్థానమునకు సరఫరాదారుగా నియమితుడయ్యెను. ఆ సంవత్సరమే చక్రవర్తి తన రాణి మరియా ఫ్యొదరొవ్నాకు ఈస్టరు కానుకగా మొదటి గ్రుడ్డును చేయించెను. తెల్లని మీనా పెంకు, లోపల బంగారు పచ్చసొన, అందులో బంగారు కోడిపెట్ట. మూడవ అలెగ్జాండరు కాలమున 10, ఆయన కుమారుడు రెండవ నికొలసు కాలమున 40 గ్రుడ్లు తయారయ్యెను. 1900లో పారిసు ప్రదర్శనమున వీనిలో కొన్ని చూపబడి, ఫబెర్జే కీర్తి యూరపు అంతట వ్యాపించెను. ఆ యేడే వ్యాపారము బొల్షాయా మొర్స్‌కాయా 24వ నెంబరు భవనమునకు మాఱెను. మాస్కోలో 1887లోను, ఒడెస్సాలో 1901లోను, లండనులో 1903లోను శాఖలు వెలసెను.

ఇంతటివాడైనను ఆయన తన చేతులతో ఒక్క గ్రుడ్డును చేసినట్లు కానరాదు. ఊహించుట, గీయించుట, పరిశీలించుట, నచ్చనిదానిని త్రోసివేయుట, ఇదియే ఆయన పని. వస్తువును చేసినవారు పనిశాలల యజమానులు. వీరిని ప్రధాన శిల్పులనవచ్చును. మొదట ఎరిక్ కొల్లిన్, 1886 నుండి మిఖాయిల్ పెర్ఖిన్, 1903లో పెర్ఖిన్ మరణించిన పిదప హెన్రిక్ విగ్‌స్ట్రోమ్ ప్రధాన శిల్పులుగా నుండిరి. పెర్ఖిన్ పల్లెటూరి రైతు బిడ్డ. విగ్‌స్ట్రోమ్ ఫిన్లాండు దేశస్థుడు. వీరి పొడి యక్షరములే నేడు మనకు పెద్ద సాక్ష్యము. పెర్ఖిన్ తన వస్తువులపై రష్యను లిపిలో తన పేరి మొదటి యక్షరములగు మ, ప లను పొడిచెను. విగ్‌స్ట్రోమ్ రోమను లిపిలో హెచ్, డబ్ల్యు అను నక్షరములను పొడిచెను. సెంటు పీటర్సుబర్గు వస్తువులపై ఈ యక్షరములతో బాటు ఫబెర్జే పేరు రష్యను లిపిలో నుండును. పేరునకు ముందు కార్ల్ అను దానిని సూచించు క అక్షరము సామాన్యముగా నుండదు. మాస్కో వస్తువులపై ఆ క అక్షరముతో గూడిన పేరును, దానిపై రెండు తలల రాజగ్రద్దయు నుండును. ఒకే వస్తువుపై ఈ రెండు నగరముల పద్ధతులును కలగలిసి కనబడిన, చూచువారు జాగరూకులై యుండవలెను.

లోహపు స్వచ్ఛతను తెలుపు ప్రభుత్వ ముద్ర వేఱుగా నుండును. రష్యనులు స్వచ్ఛతను జొలోత్నికులలో కొలిచిరి. ఒక రష్యను పౌనునకు 96 జొలోత్నికులు. మన దేశమునను తులమునకు 96 రత్తులు గదా! వెండిపై 84, 88, 91 అను అంకెలును, బంగారముపై 56, 72 అను అంకెలును కనబడును. 84 అనగా వేయింట 875 పాళ్లు శుద్ధమైన వెండి. 56 అనగా మనవారు 14 క్యారట్లనెడు బంగారము. 1899కి ముందు సెంటు పీటర్సుబర్గు ముద్ర అడ్డముగా పెట్టిన రెండు లంగరులు, రాజదండము. మాస్కోది గుఱ్ఱముపై నుండి ఘటసర్పమును పొడుచు వీరుడు. 1899 నుండి 1908 వఱకు కోకోష్నిక్ అను తలపాగ ధరించిన స్త్రీ ముఖము ఎడమవైపు తిరిగియుండును. 1908 నుండి అదే ముఖము కుడివైపు తిరిగి, ప్రక్కన గ్రీకు అక్షరము చేరును. సెంటు పీటర్సుబర్గునకు ఆల్ఫా, మాస్కోకు డెల్టా.

ఇపుడు చదువరులు ఒక లెక్క చూడవలెను. పెర్ఖిన్ 1903లో మరణించెను. స్త్రీ ముఖము కుడివైపు తిరిగినది 1908లో. పెర్ఖిన్ అక్షరములును కుడివైపు చూచు ముఖమును ఒకే డబ్బీపై నున్నచో, చచ్చినవాడు అయిదేండ్ల తరువాత లేచివచ్చి సుత్తి పట్టెనని నమ్మవలసి వచ్చును! ఇట్టి వస్తువులు సంతలలో నిజముగా కనబడినవి. ముద్రలను చెక్కువానికి చరిత్ర తెలియకపోవుటే దీనికి కారణము. పేరును అనుకరించుట సులభము. తేదీలను అనుకరించుట కష్టము. మఱియు నిజముద్ర పోగరముతో పొడువబడినది గనుక అంచులు పదునుగా నుండును. అచ్చుపోసి చేసిన నకలుపై ముద్ర అంచులు మెత్తగా, కరగినట్లుండును. కొందఱు ఆ కాలపు సామాన్యమైన నిజవస్తువును గొని, దానిపై ఫబెర్జే పేరును మాత్రము క్రొత్తగా పొడుతురు. వీరిని పట్టుకొనుట మిక్కిలి కష్టము. ఇక ముద్ర లేనంతమాత్రమున నిరాశపడనక్కఱలేదు. ఫబెర్జే శిల్పులు రాతిలో మలచిన చిన్న జంతువులపై లోహము లేనిచోట ముద్ర వేయుటకు తావే లేదు.

ముద్రలకంటె నమ్మదగినది మీనా పనియే. మీనా యనగా రంగు గాజును పొడిచేసి, లోహముపై పూసి, కొలిమిలో కరగించు విద్య. ఫబెర్జే పనిశాలలో మొదట వెండి లేక బంగారు రేకుపై యంత్రముతో కెరటములవలెనో, సూర్యకిరణములవలెనో సన్నని గీతలు చెక్కెడివారు. దీనికి గిలోషే యని పేరు. ఆ గీతలపై వెలుగు చొచ్చుకొనిపోవు గాజును అయిదాఱు పూతలుగా పూసి, ప్రతి పూతను 700 మొదలు 800 డిగ్రీల వేడిలో విడివిడిగా కాల్చెడివారు. ఒక్క పూత చెడిన మొత్తము పని పాడగును. అటుపిమ్మట కొయ్య చక్రముపైనను మెత్తని తోలుపైనను గంటలకొలది మెఱుగు పెట్టెడివారు. 140కి పైగా రంగులు వారియొద్ద నుండెను. 1897 నాటి పట్టాభిషేకపు గ్రుడ్డుపై పసుపు మీనా క్రింద ఈ కిరణములు చక్కగా కానవచ్చును. నిజమైన వస్తువును వెలుగులో నటునిటు త్రిప్పిన లోపలి గీతలు నీటి యడుగున కదలినట్లుండును. నకళ్లలో గాజు మసకగా, అంచులకడ గరుకుగా, బుడగలతో నుండుట కలదు. విఱిగినచోట తరువాత ఎవరో పూసిన లక్క లేక జిగురు రంగు గాజుకంటె మెత్తన. అతినీలలోహిత దీపము క్రింద అది వేఱు కాంతితో మెఱయును. ఇంటిలో దొరకిన వస్తువును చింతపండుతోనో పొడితోనో తోమి పరీక్షకు గొనిపోవుట మాత్రము తగదు. అట్టి తోముడువలన ముద్రలు అరిగిపోవును.

మాస్కో శాఖ మీనా వేఱు విధము. అచట సన్నని తీగతో పువ్వుల గళ్లు కట్టి, ప్రతి గడిని రంగుతో నింపుదురు. ఈ పనిలో ఫ్యొదర్ ర్యూకెర్ట్ అను శిల్పి సాటిలేనివాడు. ఆయన ఫబెర్జేకు వస్తువులు సరఫరా చేసెను గాని సొంతముగాను అమ్మెను. కొన్ని పెట్టెలపై ర్యూకెర్ట్ ముద్రమీదనే ఫబెర్జే ముద్ర పొడువబడియున్నది. భూతద్దముతో చూచిన క్రింది యక్షరముల జాడ తెలియును. చూచువారికి ఇది మోసముగా తోచవచ్చును గాని, నిజత్వమునకు ఇదియు నొక గుఱుతే. వస్తువుతోపాటు కొయ్యపెట్టెయు దొరకిన, మూతలోని పట్టుబట్టపై నచ్చొత్తిన నగరముల పేళ్లు చూడవలెను. రాజధాని 1914లో పెట్రోగ్రాడుగా మాఱెను గనుక, ఆ పేరున్న పెట్టెలో 1890 నాటి వస్తువు ఒదిగియున్నచో, రెండును వేర్వేఱు చోట్లనుండి వచ్చి కలిసినవని తెలియును.

1914లో యుద్ధము వచ్చి పనివారు సైన్యమునకు పోయిరి. 1917లో విప్లవము. 1918లో అంగడి ప్రభుత్వపరమయ్యెను. డెబ్బదిరెండేండ్ల వృద్ధుడు సెప్టెంబరులో నగరము విడిచి రీగాకును, అచటినుండి జర్మనీకిని, తుదకు స్విట్జర్లాండునకును పోయెను. లొసాను నగరమునకు చేరువనున్న లా రోసియాజ్‌లో 1920 సెప్టెంబరు 24వ తేదీన మరణించెను. కుమారుడు యూజీను 1929లో తండ్రి చితాభస్మమును కాన్ నగరమునకు గొనిపోయి తల్లి సమాధిచెంత నుంచెను. మఱియొక కుమారుడు అగాథన్ రష్యాలోనే చిక్కి, క్రొత్త ప్రభుత్వము జప్తుచేసిన నగలకు విలువ కట్టు పనిలో కొంతకాలముండి, 1927లో గడ్డకట్టిన సముద్రముమీదుగా ఫిన్లాండునకు తప్పించుకొనిపోయెను. తండ్రి యౌవనమున ప్రీతితో చేసిన పనినే కుమారుడు నిర్బంధమున చేయవలసివచ్చెను.

విప్లవముతో చెదరిన గ్రుడ్లు దేశదేశములకు పోయెను. 1887 నాటి బంగారు గ్రుడ్డు ఎవరి దృష్టికిని రాక, 1964లో న్యూయార్కు వేలములో ఫబెర్జే పేరు లేకయే 2,450 డాలర్లకు అమ్ముడయ్యెను. తరువాత అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతమున పాతబంగారము కొని కరగించి అమ్ముకొను నొక వర్తకుడు దానిని సంతలో సుమారు 14,000 డాలర్లకు గొనెను. అంత ధర యిచ్చి కరగించుకొనువారెవరును రాకపోవుటచే అది వంటయింటి బల్లపై మిగిలెను. దానిపై బంగారమును పరీక్షింప గీచిన గీతలు నేటికిని గలవు. లోపలి గడియారముపైనున్న వషెరాన్ కాన్‌స్టాంటిన్ అను పేరును బట్టి యతడు వెదుకగా, పోయిన గ్రుడ్డును గూర్చి పత్రికలో వచ్చిన వ్యాసము కంటబడెను. లండనులోని వార్ట్‌స్కీ వర్తకులు పాత ఛాయాపటముతో సరిచూచి నిజమైనదని నిర్ధారింపగా, 2014 ఏప్రిలులో అది జనులకు ప్రదర్శింపబడెను.

ఏబదింటిలో ఏడు గ్రుడ్ల జాడ యిపుడును తెలియదు. వానిలో నొకటి 1889 నాటిది. స్త్రీల యలంకరణకు వలసిన పదుమూడు చిన్న పరికరములు దాని లోపల నమర్పబడినవి. 1949లో అది లండనులో ప్రదర్శింపబడినది. 1952లో పేరు వెల్లడింపని కొనుగోలుదారుడొకడు 1,250 పౌనులిచ్చి దానిని గొనిపోయెను. అది యెవరి యింటి యలమారులో నున్నదో ఆ యింటివారికే తెలియకపోవచ్చును.