రాసి పెట్టిన నర్సమ్మ: లిండా రిచర్డ్స్

పిల్లలూ! మీరు డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు నర్సు వచ్చి జ్వరం చూస్తారు, నాడి చూస్తారు. చూసిందంతా కంప్యూటర్‌లో రాస్తారు. నూట యాభై ఏళ్ళ క్రితం అమెరికాలో చాలా ఆసుపత్రుల్లో ఇలా రాసే అలవాటు లేదు. దాన్ని నేర్పినవారిలో ముఖ్యమైన ఆవిడ లిండా రిచర్డ్స్.

లిండా 1841లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. ఆమెకు నాలుగేళ్ళప్పుడు నాన్నగారు క్షయ జబ్బుతో చనిపోయారు. క్షయ అంటే టీబీ. అప్పట్లో దానికి మందు లేదు. కొన్నేళ్ళకి అమ్మకి కూడా అదే జబ్బు వచ్చింది. చిన్నపిల్ల అయినా లిండాయే అమ్మకి సేవ చేశారు. పదమూడేళ్ళు వచ్చేసరికి అమ్మ కూడా లేరు. పెద్దయ్యాక, పెళ్ళి చేసుకోవాలనుకున్న అతను యుద్ధంలో గాయపడి వచ్చాడు. అతన్నీ చాలాకాలం చూసుకున్నారు. 1869లో అతనూ చనిపోయాడు.

ఇంత బాధలోనూ లిండా ఒకటి అనుకున్నారు: సేవ చేయాలంటే ప్రేమ ఒక్కటే చాలదు, పని కూడా తెలియాలి. కానీ నేర్పేవాళ్ళు ఎవరు?

1872లో బోస్టన్‌లోని ఒక ఆసుపత్రి నర్సుల బడి మొదలుపెట్టింది. అందులో మొదట చేరింది లిండాయే. అక్కడ మందు సీసాల మీద పేర్లు ఉండేవి కావు, నంబర్లే ఉండేవి. ఏం మందు ఇస్తున్నారో నర్సులకే తెలిసేది కాదు! అయినా పట్టుదలగా చదివి 1873లో పూర్తి చేశారు. అమెరికాలో శిక్షణ పొందిన మొదటి నర్సు అని ఆమెకు పేరు వచ్చింది.

తర్వాత న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో రాత్రి పని. రాత్రి రోగి ఎలా ఉన్నాడో పొద్దున డాక్టరుకి ఎలా తెలుస్తుంది? నోటితో చెబితే ఏదో ఒకటి మర్చిపోతాం. అందుకే లిండా ఒక్కో రోగి గురించి విడిగా రాసి పెట్టడం మొదలుపెట్టారు. అది డాక్టర్లకు ఎంతో పనికొచ్చింది. జ్వరం ఒక్కసారి చూస్తే ఆ నిమిషం సంగతే తెలుస్తుంది. వరుసగా రాస్తే పెరుగుతోందా, తగ్గుతోందా తెలుస్తుంది.

1877లో ఇంగ్లండ్ వెళ్ళి ఫ్లోరెన్స్ నైటింగేల్‌ని కలిశారు. 1886లో జపాన్‌లోని క్యోటోలో నర్సుల బడి పెట్టారు. అమెరికాలోనూ ఎన్నో ఆసుపత్రుల్లో నర్సులకు నేర్పారు. 1930లో కన్నుమూశారు.

కొత్త పదాలు
నాడి: గుండె కొట్టుకోవడం చేతి మణికట్టు దగ్గర తెలిసే చోటు
రోగి: జబ్బు చేసిన మనిషి
శిక్షణ: పని నేర్పడం

మీరు చేయండి
1. అమ్మ లేదా నాన్న నాడి 30 సెకన్లు లెక్కపెట్టండి. ఆ అంకెను రెండుతో గుణించండి. టైము వేసి తెలుగులో రాయండి.
2. వాళ్ళని పది నిమిషాలు నడవమని చెప్పి మళ్ళీ చూడండి. ఏం మారింది?
3. నర్సుకి ప్రేమతో పాటు చదువు ఎందుకు కావాలి? మూడు వాక్యాలు రాయండి.